పలకలు పుట్టిన దారుల్లో పరుగు

పిల్లలూ! మీ తాతగారినో అమ్మమ్మగారినో ఒకసారి అడిగి చూడండి: "మీరు మొట్టమొదట ఓనమాలు దిద్దింది దేనిమీద?" అని. "పలకమీద" అంటారు. నల్లటి రాతి పలక, చుట్టూ కర్ర చట్రం, చేతిలో బలపం. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాయటమే! అయితే ఆ పలక ఎక్కడ పుట్టిందని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు. తెలుగు పిల్లలు దిద్దిన పలకల్లో ఎన్నిటికో పుట్టినిల్లు మార్కాపురం. అక్కడి పలకలు మన రాష్ట్రంలోనే కాదు, ఇతర రాష్ట్రాల బడులకూ, విదేశాలకూ కూడా వెళ్ళాయి.

మాది అర్ధవీడు. మా ఊళ్ళో నిలబడి పడమటికి చూస్తే నల్లమల కొండలు కనిపిస్తాయి. ఆ కొండల్లోనుంచి వచ్చే గుండ్లకమ్మా, జంపలేరూ కలిసి కంభం చెరువును నింపుతాయి. గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలన్నీ ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు వీటిని అందులో చేర్చారు. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, పొలాలనిండా రాళ్ళు. అయితేనేం, ఆ రాళ్ళే ఈ ప్రాంతానికి పేరు తెచ్చిపెట్టాయి.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, పరుగుపందాలకు తయారయ్యే పిల్లలను సెలవు రోజుల్లో మార్కాపురం చుట్టుపక్కల ఉన్న పాత పలకల గనుల దారులకు తీసుకువెళ్ళేవాణ్ణి. "మైదానం ఉండగా అంతదూరం ఎందుకు, మేష్టారూ?" అని పిల్లల తండ్రులు అడిగేవారు. మైదానంలో కాళ్ళు మాత్రమే పరిగెత్తుతాయి. గనుల దారిలో కళ్ళూ, బుద్ధీ కూడా పరిగెత్తుతాయి. ఆ సంగతే మీకు చెబుతాను.

ముందు ఆ రాయి కథ వినండి. వంద కోట్ల ఏళ్ళకు పైమాట. అప్పుడు మనుషులు లేరు, చెట్లు లేవు, చేపలైనా లేవు. ఇప్పుడు నల్లమల ఉన్నచోట సముద్రం ఉండేది. దాని అడుగున మెత్తటి బంకమట్టి పొరలు పొరలుగా పేరుకున్నది. పైపొరల బరువుకు కింది పొరలు గట్టిపడి రాయి అయినాయి. తరవాత భూమిలో పుట్టిన ఒత్తిడికి ఆ పొరలన్నీ పక్కలనుంచి నొక్కుకుపోయి, ముడతలుపడి, కొండలుగా లేచాయి. ఆ ఒత్తిడికీ వేడికీ మట్టిరాయి కాస్తా పలకరాయిగా మారింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాళ్ళ వరసకు మన కంభం పేరే పెట్టుకున్నారు!

మరి పలకరాయి మాత్రమే రేకులు రేకులుగా ఎందుకు విడిపోతుంది? ఇంట్లో ఒక పని చేసి చూడండి. తడిపిన గోధుమపిండి ముద్దలో గుప్పెడు అటుకులు కలపండి. అటుకులు తలో దిక్కుకూ తిరిగి ఉంటాయి. ఆ ముద్దను రెండు పీటల మధ్య పెట్టి గట్టిగా నొక్కి, తరవాత కత్తితో నిలువుగా కోసి చూడండి. అటుకులు చాలావరకు పీటలకు సమంగా పడుకుని ఉంటాయి. పలకరాతిలో అభ్రకంవంటి సన్నని ఖనిజపు రేకులు సరిగ్గా ఇలాగే ఒత్తిడికి లొంగి ఒకే వైపుకు పడుకున్నాయి. అందువల్లనే ఉలి పెట్టి ఆ వైపున కొడితే రాయి పుస్తకంలో పేజీలాగా విచ్చుకుంటుంది. అడ్డంగా కొడితే మాత్రం ముక్కలైపోతుంది.

ఇక గనిలో పని ఎలా జరిగేదంటే, ముందు పైనున్న మట్టీ, పుచ్చురాయీ తవ్విపోసేవారు. మంచిరాయి తగిలాక గడ్డపారలతో పెద్ద దిమ్మలు లేపేవారు. ఉలీ, సుత్తీ తీసుకుని వాటిని పలచగా చీల్చేవారు. తరవాత కొలతకు కోసి, నున్నగా రుద్ది, కర్ర చట్రం బిగించేవారు. ఎండనకా వాననకా ఆడా మగా అందరూ పనిచేసేవారు. రాతిధూళి ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు పట్టుకునేది. తవ్వినదంతా పలక కాదు. పగిలినదీ, వంకరపోయినదీ, పనికిరానిదీ తట్టలతో మోసి గట్టున పోసేవారు. అలా పోయగా పోయగా గుట్టలు లేచాయి. ఒక పక్క గొయ్యి, దాని పక్కనే గుట్ట. ఈ నేల రూపమే మారిపోయింది.

తరవాత నోటుపుస్తకాలు చవకగా దొరకసాగాయి. రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. రాతి పలకలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఎన్నో గుంతల్లో పని ఆగిపోయింది. పని ఉన్నచోట ఇప్పుడు తీసే రాయి ఎక్కువగా ఇళ్ళ గోడలకూ, నేలలకూ పోతున్నది. రంగురంగుల మార్కాపురం రాయిని విదేశాలవాళ్ళు కూడా కొంటున్నారు. కాని బడిపిల్లల పలకలకోసం వేసిన దారులు చాలావరకు ఖాళీగా పడి ఉన్నాయి.

ఆ దారులే పరుగుకు బహు బాగుంటాయి. కారణం చెబుతాను వినండి. రాయి నిండిన బండిని ఎద్దులు నిట్టనిలువు దారిలో లాగలేవు. అందుచేత గనివాళ్ళు దారిని చుట్టు తిప్పి, కొంచెం కొంచెంగా ఎక్కేటట్లు వేశారు. ఎద్దుల ఊపిరికోసం వేసిన దారి, కొత్తగా పరుగు నేర్చుకునే పిల్లల ఊపిరికి కూడా సరిపోతుంది! ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వెయ్యాలి. దిగేటప్పుడు ఒళ్ళు వెనక్కు వాల్చకుండా, మోకాళ్ళు కాస్త వంచి దిగాలి. ముందు పావుగంట నడక, తరవాత నెమ్మదిగా పరుగు. పక్కవాడితో మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం ఎక్కువైందని అర్థం.

మొదటిసారి వెళ్ళినప్పుడు పిల్లలు గుట్ట చూడగానే ఎక్కబోతారు. అది చెయ్యరాదు. గుట్టలోని రాతిచెక్కలు ఒకదానిమీద ఒకటి జారిపోయేంత వాలులో నిలబడి ఉంటాయి. మీరు ఒక్క అడుగు వేస్తే చాలు, ఆ నిలకడ తప్పి పైనున్న రాళ్ళన్నీ కదులుతాయి. వాటి అంచులు కత్తుల్లా ఉంటాయి కనక చెప్పులు లేకుండా ఆ దారుల్లో వెళ్ళనే కూడదు.

గుంతల సంగతి మరీ జాగ్రత్తగా వినండి. వానాకాలంలో అవి నీళ్ళతో నిండి, అద్దంలా మెరుస్తూ "రా, ఈదులాడు" అని పిలుస్తున్నట్టే ఉంటాయి. చెరువులాగా వాటికి వాలుగట్టు ఉండదు. అంచు దాటితే ఒక్కసారిగా లోతు. కాలు పెట్టటానికి మెట్టు ఉండదు, పట్టుకోవటానికి వేరు ఉండదు. పైగా గోడల్లోని పలకరేకుల మధ్యకు నీరు దిగి, అంచులు హఠాత్తుగా జారి పడతాయి. మేము వెళ్ళినప్పుడు నా కట్టడి ఒకటే: గుంత అంచుకు ఇరవై అడుగుల లోపలికి ఎవరూ రాకూడదు. పెద్దవాళ్ళు వెంట లేకుండా పిల్లలు ఆ దారికే వెళ్ళకూడదు.

ఒకసారి ఆరో తరగతిలో చేరిన ఒక పిల్లవాడు మాతో వచ్చాడు. వాడు మిగతావాళ్ళకంటే వయసులో పెద్ద. దారి పక్కన పడి ఉన్న రెండు రాతిచెక్కలు తీసి, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టాడు. ఒకటి ఖంగుమన్నది, రెండోది బొద్దుగా మోగింది. "ఇది మంచిది సార్, పలక అవుతుంది. దీంట్లో పగులున్నది, చట్రం బిగిస్తే విరుగుతుంది," అన్నాడు. "నీకెలా తెలుసురా?" అన్నాను. "ఎనిమిదో ఏటినుంచీ చట్రాలు బిగించాను సార్. రోజుకు ఎన్ని పలకలు పట్టుకున్నానో! వాటిమీద రాయటం మాత్రం నిరుడే నేర్చుకున్నా," అన్నాడు వాడు మామూలుగా. నవ్వుతూ వచ్చిన పిల్లలందరూ ఒక్కసారిగా ఊరుకున్నారు.

వాడి మాట ఒక్కడి కథ కాదు. దేశంలో పిల్లలు అక్షరాలు దిద్దే పలకలను, బడికి వెళ్ళని పిల్లలే తయారుచేసిన రోజులున్నాయి. 1986లో బాలకార్మికుల చట్టం వచ్చింది. పనిలో ఉన్న పిల్లలను బడికి మళ్ళించటానికి 1988లో భారత ప్రభుత్వం జాతీయ పథకం మొదలుపెట్టినప్పుడు, తొలి వరసలో ఎంచుకున్న చోట్లలో శివకాశీ అగ్గిపెట్టెలతోపాటు మార్కాపురం పలకలు కూడా ఉన్నాయి. ఆ పిల్లలకోసం ప్రత్యేక పాఠశాలలు పెట్టారు. మా పిల్లవాడు అలాంటి బడిలో ఓనమాలు నేర్చుకునే మా దగ్గరికి వచ్చాడు. 2009లో చదువు హక్కు చట్టం వచ్చి, ఆరునుంచి పద్నాలుగేళ్ళ వరకు ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఉచితంగా చదువు చెప్పటం ప్రభుత్వం బాధ్యత అయింది. 2016లో చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవటాన్ని దాదాపు అన్ని పనుల్లోనూ నిషేధించారు.

పని ఆగిన గనులు మనకొక్కరికే ఉన్నాయనుకోకండి. బ్రిటన్‌లో వేల్స్ అనే సీమ ఉన్నది. అక్కడి పలకరాతితో ఇళ్ళకు పైకప్పులు వేసేవారు. ఆ రాయిని ఓడరేవుకు చేర్చటానికి 1836లోనే ఒక చిన్న రైలుదారి వేశారు. లాన్‌బెరిస్ అనే ఊరి దగ్గర ఉన్న డినార్విక్ గని 1969లో మూతపడింది. 1972లో దాని పనిశాలల్లో పలకల మ్యూజియం తెరిచారు. ఇప్పుడు ఆ గనుల దారుల్లో ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి నడుస్తారు, పరిగెత్తుతారు. ఆ ఊరినుంచే స్నోడన్ కొండ శిఖరందాకా ఎక్కి దిగే పరుగుపందెం 1976నుంచి జరుగుతున్నది. 2021లో యునెస్కో ఆ పలకల సీమను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మన గుంతలచుట్టూ కంచెలు వేసి, దారులకు గుర్తులు పెట్టి, ఇది ఫలానా రాయి, ఇక్కడ ఫలానా పని జరిగేది అని నాలుగు మాటలు రాసిపెడితే, మన పిల్లలు కూడా నిర్భయంగా అక్కడ పరిగెత్తగలరు. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ, పంచాయతీ పెద్దలూ తలుచుకోవాలి.

ఈలోగా మీరు చెయ్యగలిగిన పని ఒకటున్నది. ఎప్పుడైనా మార్కాపురం వైపు వస్తే, పెద్దవాళ్ళతో కలిసి సురక్షితమైన దారిలో నాలుగు అడుగులు వెయ్యండి. దారిపక్కన పడి ఉన్న రెండు రాతిచెక్కలు తీసుకుని, ఒకదానిమీద రెండోదాని అంచుతో గీయండి. తెల్లటి గీత పడుతుంది. ఆ గీతతో మీ పేరు రాయండి. తరవాత, అటువంటి రాయిని మోసి, చీల్చి, రుద్ది, తన పేరు రాసుకోలేకపోయిన పిల్లవాణ్ణి ఒక్క నిమిషం తలుచుకుని, మళ్ళీ పరుగు మొదలుపెట్టండి.