పానగల్లు కట్ట మీద

నల్గొండ ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు పోతే పానగల్లు. చరిత్ర మీద మనసున్నవాళ్లు ఎక్కువగా దేవరకొండ కోటకో, రాచకొండ కోటకో పోతారు. నేను చెరువు కట్ట చూడబోయాను. కందూరు చోడులు 11, 12 శతాబ్దాల్లో ఇక్కడి నుంచే ఏలారు. వాళ్ల కందూరు పాలమూరు వైపుంది. ఉదయన చోడుడి పేరే ఈ చెరువుకు నిలిచింది, ఉదయ సముద్రం.

కట్ట ఎక్కితే ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వరి మళ్లు. గట్టున వల సరిచేసుకుంటున్న పెద్దాయనను అడిగాను.

"మత్తడి దుంకుతదా తాతా?"

"మునుపు వానలు పడితేనే బిడ్డా. ఇప్పుడు కాల్వల సాగరు నీళ్లొస్తున్నయి."

అవును, మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ కృష్ణ నీళ్లను ఇక్కడికి తెస్తోంది. కట్టను తర్వాతివాళ్లు ఎన్నిసార్లు బలపరిచారో గానీ, చోడులు ఎంచిన చోటు మాత్రం తప్పలేదు. రాతికోటలు గుట్టల మీద ఖాళీగా పడున్నాయి, మట్టి కట్ట ఇంకా కొలువు చేస్తోంది.

పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. ఒక గర్భగుడిలో లింగం వెనుక స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. ముందున్న స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుగు చేసే పని అది. పూజారి మాత్రం సైన్సు మాటెత్తలేదు, నేనూ ఎత్తలేదు. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది రామాయణ, భారత శిల్పాలకు ఒక పూట చాలదు.

చోడులకన్నా చాలా ముందటి ఆనవాళ్లూ ఈ జిల్లాలో ఉన్నాయి. అక్కనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు భూమిలో దొరికాయి. అగస్టస్, టిబెరియస్ కాలపువే ఎక్కువ. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్సులు లాగేస్తోందని ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ సొమ్ములో కొంత ఈ చెల్కల్లోకే చేరిందన్నమాట! పాతిపెట్టినవాడు మళ్లీ తీసుకోలేకపోయాడు పాపం.

మర్నాడు ఫణిగిరి. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. గుట్ట మీది బౌద్ధ విహారంలో 2024లో ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు, ఇక్ష్వాకుల కాలానివి, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. రోము వెండి కన్నా ఈ సీసం మీదే నాకు మోజు. దూరదేశపు చక్రవర్తి ముఖం కాదు, ఇక్కడి సంతలో చేతులు మారిన డబ్బు.

ఛాయా సోమేశ్వరానికి ఎండ బాగా ఉన్న రోజున వెళ్లండి. ఫణిగిరి గుట్ట మాత్రం పొద్దున్నే ఎక్కండి, పైన నీడ తక్కువ.