జహనుమా నుంచి జీను దాకా

చార్మినార్ నుంచి దక్షిణంగా షాలిబండ మీదుగా నడిచి వస్తే, ఫలక్‌నుమా కొండకు ఇవతలే జహనుమా బస్తీ తగులుతుంది. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని చూపేది. జహనుమా అంటే లోకాన్ని చూపేది. పాయిగా నవాబుల భవనం పేరు మీదుగా మా బస్తీకి ఆ పేరు వచ్చింది. ఇప్పుడిక్కడ కనిపించే లోకం ఇరుకు సందులు, ఆటోలు, వెల్డింగు దుకాణాలు, మగ్రిబ్ వేళ మసీదు వైపు త్వరపడే జనం. ఈ బస్తీకీ గుర్రానికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఆ నవాబుల వంశనామంలోనే ఉంది. పార్సీలో ‘పాయిగా’ అనే మాటకు హోదా అనీ, గుర్రపుశాల అనీ అర్థాలున్నాయి. నిజాం సొంత ఆశ్వికదళాన్ని పోషించే బాధ్యత ఆ వంశానిది. అందుకోసమే వారికి జాగీర్లు లభించాయి.

ఆ వంశస్థుడైన వికారుల్ ఉమరా 1884లో ఫలక్‌నుమా భవన నిర్మాణం ప్రారంభించారు. తరువాత అది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వశమైంది. 2010 నుంచి అది విలాసవంతమైన హోటల్. అతిథులను నేటికీ ద్వారం నుంచి కొండమీదికి గుర్రపు బగ్గీలో తీసుకువెళతారు. మా పిల్లలకు తెలిసిన గుర్రాలు ఆ బగ్గీవీ, పెళ్లి ఊరేగింపులో కాగితపు పూలు కట్టుకుని బ్యాండు మోతకు బెదిరే గుర్రాలూ మాత్రమే.

మా ఇంటికి మాత్రం మరో గుర్రం తెలుసు. మా తాతగారు టాంగా నడిపేవారు. కదం, దుల్కీ, పోయా, సర్‌పట్ అని గుర్రపు నడకలన్నిటికీ వారి దగ్గర పేర్లుండేవి. సాయంత్రం ఇంటికి రాగానే ముందు గుర్రానికి నీళ్లు, మేత. ఆ తరువాతే తమ భోజనం. టాంగా అమ్మివేసిన రోజున తాతగారు అన్నం ముట్టలేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ కథలు వింటూ పెరిగిన మా పదిహేనేళ్ల అమ్మాయి స్వారీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. శంషాబాద్ వైపు ఉన్న ఒక మైదానంలో చేర్పించాను. ఆదివారాల్లో ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరి, చాంద్రాయణగుట్ట కూడలి దాటి, బార్కస్ మీదుగా వెళ్లేవాళ్లం. పోయిన చలికాలంలో ఒకనాడు ఎక్కడో రేకు చప్పుడైంది. గుర్రం ఒక్కసారిగా పక్కకు దూకింది. అమ్మాయి కింద పడింది. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలకు కట్టు విప్పారు. చేయి బాగుపడింది గానీ భయం పోలేదు. మైదానం గేటు కనిపించగానే దాని అరచేతులు చెమర్చేవి. “మాన్పించు, ఆడపిల్ల” అన్నారు బంధువులు. “మానను అబ్బా, కానీ ఎక్కలేను” అన్నది అమ్మాయి. ఈ రెండు మాటల మధ్య తండ్రిగా నేనేమి చేయాలో తోచలేదు.

శిక్షకుడు దానిని వెంటనే గుర్రం ఎక్కించలేదు. చాప మీద కూర్చోబెట్టాడు. ఆయన చెప్పినది ఇది: గుర్రం ప్రకృతి సిద్ధంగా వేటకు గురయ్యే జంతువు. ప్రమాదాన్ని పసిగట్టి పారిపోవడమే దానికున్న రక్షణ. ఒంటిమీద వాలిన ఈగను సైతం గుర్తించి చర్మం విదిలించే జీవికి, వీపుమీది మనిషి బిగుసుకున్న సంగతి తెలియకుండా ఉంటుందా? భయపడిన రౌతు తొడలు బిగిస్తాడు. అది గుర్రానికి ‘పరుగెత్తు’ అన్నట్లు ఉంటుంది. అదే క్షణంలో పగ్గాలు లాగుతాడు. అది ‘ఆగు’ అన్నట్లు. పరస్పర విరుద్ధమైన రెండు ఆజ్ఞలు అందుకున్న జంతువు కలత చెందుతుంది. ఆ కలతను చూసి రౌతు మరింత బిగుసుకుంటాడు. ఈ వలయాన్ని గుర్రం తెంచలేదు, మనిషే తెంచాలి.

అందుకు దేహం సిద్ధపడాలి. జీనుపై సరిగా కూర్చున్న రౌతును పక్కనుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉంటాయి. ఆ తీరు నిలవాలంటే నడుము, పొట్ట కండరాలకు బలమూ, తుంటి కీళ్లకు సడలింపూ కావాలి. మోకాళ్లు పక్కలకు వాల్చి అరికాళ్లు కలిపి కూర్చోవడం, ఒక కాలు ముందుకు మడిచి రెండవ కాలు వెనక్కు చాచడం, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి వెన్నును పైకీ కిందికీ వంచడం, ఒంటికాలిపై నిలబడి తూకం నిలుపుకోవడం – రోజుకు పదిహేను నిమిషాలు ఇవే అభ్యాసాలు. శ్వాస విషయంలో నియమం ఒక్కటే: పీల్చిన దానికన్నా నెమ్మదిగా, దీర్ఘంగా వదలడం. ఊపిరి బిగబట్టినవాని భుజాలు పైకి లేస్తాయి. ఊపిరి వదిలినవాని బరువు జీనులోకి దిగుతుంది.

ఈ అభ్యాసాలను చూసి మా అమ్మ, అంటే అమ్మాయి దాదీ, కలవరపడింది. “ఇది యోగా కదా? మనకెందుకు?” అన్నది. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు. తౌహీద్ విషయంలో ఇంటి పెద్దల జాగ్రత్త గౌరవించదగినది. శిక్షకునితో మాట్లాడాను. మంత్రం, వందనం, ధ్యానమూర్తి ఏవీ తన శిక్షణలో లేవనీ, కండరాలకు, శ్వాసకు సంబంధించినంత వరకే తీసుకున్నాననీ ఆయన చెప్పాడు. ఆ సంగతి అమ్మకు వివరించాను. ఆరాధనకు నమాజు ఉంది, దానికి సాటి మరొకటి లేదు. కీళ్లకు కావలసింది వ్యాయామం. ఆమె ఒక రోజంతా ఆలోచించి, మరునాడు అమ్మాయి పక్కనే కుర్చీలో కూర్చుని తన మోకాళ్లు చాచడం మొదలుపెట్టింది.

మనసు శిక్షణ ఇంకా కష్టమైనది. అమెరికాకు చెందిన స్వారీ గురువు శాలీ స్విఫ్ట్ 1985లో వెలువరించిన గ్రంథంలో మృదువైన చూపు, శ్వాస, దేహభాగాల అమరిక, దేహకేంద్రం అనే నాలుగింటిని మూలసూత్రాలుగా చెప్పారు. ఆమెకు చిన్ననాటి నుంచే వెన్నెముక వంపు ఉండేది. దృష్టిని గుర్రం చెవులపైనే గుచ్చక, పరిసరాలన్నిటినీ చూడగలిగేలా సడలించాలని ఆమె బోధ.

ఇది చదివినపుడు నాకు ముస్లిం హదీసు సంకలనంలోని ఒక ఘటన జ్ఞాపకం వచ్చింది. హజ్రత్ ఆయిషా (రజి) మొండికేసిన ఒంటెనెక్కి దానిని అటూ ఇటూ తిప్పుతుంటే, మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆమెకు మృదుత్వాన్ని బోధించారు. జంతువు మొండికేసినపుడు బోధ అందినది స్వారీ చేసే మనిషికి!

బుఖారీ సంకలనంలో గుర్రపు పందేల ప్రస్తావన కూడా ఉంది. పందేనికి ప్రత్యేకంగా తయారుచేసిన గుర్రాలకు మహాప్రవక్త (సఅసం) హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు, అంటే సుమారు ఐదారు మైళ్లు నిర్ణయించారు. అలా తయారు కాని గుర్రాలకు సనియ్య నుంచి బనీ జురైఖ్ మసీదు వరకు, సుమారు ఒక మైలు మాత్రమే. ఎవరి తయారీని బట్టి వారి దూరం! మా అమ్మాయి విషయంలో నేను మరచిన న్యాయం ఇదే. తోటి పిల్లలు గెంతుల దాకా వచ్చారు గనుక ఇదీ రావాలనుకున్నాను. దాని మైలు దానికి ఇవ్వలేదు.

నేటి కాలంలోనూ స్ఫూర్తి కొరత లేదు. కేరళకు చెందిన నిదా అంజుమ్ 2023లో ఫ్రాన్స్‌లో జరిగిన యువ రౌతుల ప్రపంచ దూరస్వారీ పోటీలో 120 కిలోమీటర్లు పూర్తిచేసింది. ఆ పోటీలలో దశదశకూ పశువైద్యులు గుర్రాన్ని పరీక్షిస్తారు. నిర్ణీత సమయంలో దాని గుండె స్పందన నిమిషానికి 64కు దిగాలి, కుంటు ఉండరాదు. లేకపోతే రౌతు ఎంత ఉత్సాహంగా ఉన్నా పోటీ నుంచి తప్పుకోవలసిందే. బెంగుళూరుకు చెందిన ఫౌవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం సాధించి, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఒలింపిక్స్‌లో స్త్రీ పురుషులు ఒకే వరుసలో పోటీపడే క్రీడ ఇది. “ఆడపిల్ల” అన్న బంధువులకు ఈ సంగతి వినిపించాను.

పిల్లలను స్వారీకి పంపే తల్లిదండ్రులు కొన్ని విషయాలు గమనించాలి. సరిగా అమరే హెల్మెట్ లేనిదే గుర్రం దగ్గరికి పోనీయరాదు. పాదం రికాబులో ఇరుక్కోకుండా మడమ ఉన్న బూట్లు ఉండాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోరాదు. వెన్ను, కీళ్ల బాధలున్నవారు వైద్యుణ్ణి అడిగిన తరువాతే అభ్యాసాలు ప్రారంభించాలి. పడిన బిడ్డను వెంటనే ఎక్కమని బలవంతపెట్టరాదు, ఇక ఎన్నడూ ఎక్కవద్దని శాసించనూరాదు.

మూడు వారాలు అమ్మాయి గుర్రాన్ని తోమింది, మేత పెట్టింది, కళ్ళెం పట్టి నడిపించింది. నాలుగవ ఆదివారం దాదీ కూడా మాతో వచ్చింది. పగ్గం శిక్షకుని చేతిలో ఉండగా అమ్మాయి ఎక్కింది. దాని పెదవులు కదిలాయి: వాహనమెక్కేటపుడు చదివే దుఆ. ఈ వాహనాన్ని మాకు లోబరచినవాడు పరిశుద్ధుడనీ, దీనిని వశపరచుకునే శక్తి మాకు లేదనీ, చివరికి ప్రభువు వద్దకే మా మరలింపు అనీ దాని భావం. ఆటో ఎక్కినా బస్సు ఎక్కినా నేను రోజూ చదువుతున్నదే. బ్రేకులున్న వాహనంలో ఆ అశక్తతను నేనెన్నడూ నిజంగా ఒప్పుకోలేదు. నా బిడ్డ ప్రాణమున్న వాహనంపై కూర్చుని చదువుతుంటే ఆ మాటల బరువు తెలిసింది.

గుర్రం కదం నడకతో ఒక్క చుట్టు తిరిగింది, అంతే. దిగిన తరువాత అమ్మాయి అరచేతులు చూశాను. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ తడి చేతులతోనే ముందు గుర్రానికి నీళ్లు పెట్టింది. మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, “అచ్చం మీ తాతగారే” అన్నది.