మ్యూట్‌లో రాక్ సంగీతం

ఆన్‌లైన్ గ్రూపు క్లాసులో రాక్ నేర్చుకుంటున్నానని చెబితే మా టీములో ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న, "అయితే అందరూ కలిసి వాయిస్తారా?" అని. వాయించం. గంటన్నర క్లాసులో ఒక్క నిమిషం కూడా కలిసి వాయించం. బెంగుళూరులో ఉండే మా మాస్టారు వాయిస్తుంటే మేం అయిదుగురం మ్యూట్‌లో ఉండి ఆయనతో పాటు వాయిస్తాం. ఎవరిది వాళ్ళకే వినిపిస్తుంది. చూసేవాళ్ళకి అదో మూకీ సినిమా.

కారణం మన జనాలకి విడమరిచి చెప్పక్కర్లేదు, లేటెన్సీ. కానీ లెక్క ఓసారి వేసి చూడండి, సరదాగా ఉంటుంది. మేం ప్రస్తుతం కుస్తీ పడుతున్నది డీప్ పర్పుల్ వాళ్ళ 'స్మోక్ ఆన్ ద వాటర్'. (గిటారు పట్టిన ప్రతివాడూ ముందు దీని మీదే పడతాడు. గిటారు కొట్లలో పనిచేసే కుర్రాళ్ళకి దీని మీద ఎప్పుడో విరక్తి పుట్టుంటుంది.) నిమిషానికి సుమారు 112 బీట్లు. అంటే అరబీటుకి దాదాపు 268 మిల్లీసెకన్లు. బేస్ గిటారు ఆ అరబీటుకొకటి చొప్పున ఒకే స్వరాన్ని దంచుకుంటూ పోతుంది. ఇప్పుడు నా శబ్దం మైకు, ఎన్‌కోడరు, రౌటర్లు, జిట్టర్ బఫరు అన్నీ దాటుకుని అవతలి మనిషి చెవిలో పడేసరికి 150 మిల్లీసెకన్లు అయిందనుకుందాం. స్టాండప్ కాల్‌లో అది ఎవరికీ తెలియను కూడా తెలియదు. కానీ ఆయన నన్ను విని వాయించింది నా దగ్గరికి తిరిగొచ్చేసరికి 300. అప్పటికి నేను తర్వాతి స్వరం కూడా దాటేశాను. నేను ఆయన కోసం కాస్త ఆగుతాను, ఆయన నా కోసం ఇంకాస్త ఆగుతాడు. నాలుగు వరసలు తిరిగేసరికి పాట ఎడ్లబండి అవుతుంది.

మంచి కనెక్షన్ పెట్టుకోవచ్చుగా అంటారేమో. మా బేస్ అన్న న్యూజెర్సీలో ఉంటాడు. హైదరాబాదు నుంచి సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబరులో కాంతి వేగం సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు. తిన్నగా తాడు కట్టినట్టు కేబులు లాగినా వెళ్ళడానికే 65 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని అంతసేపట్లో 22 మీటర్లు పోతుంది. అంటే దేవుడే దిగొచ్చి నెట్‌వర్కు డిజైన్ చేసినా, అన్న నాకు 22 మీటర్ల అవతల నుంచుని వాయిస్తున్నట్టే. స్టేజీ మీద మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉన్న డ్రమ్మరు శబ్దం పది మిల్లీసెకన్లలో అందుతుంది. ఏ ప్లాను కొన్నా ఈ తేడా పోదు.

ఇది చాలదన్నట్టు నాయిస్ సప్రెషన్ ఒకటి. మాటల కోసం రాసిన సాఫ్ట్‌వేరు కదా, స్వరాన్ని లాగి పట్టుకుంటే దాన్ని ఫ్యాను మోత అనుకుని నొక్కేస్తుంది. ఆ సెట్టింగు తీసేయమని చెప్పడంతోనే మా మొదటి క్లాసు సగం గడిచింది.

మరి గ్రూపెందుకూ, ఒక్కడివే యూట్యూబు చూసి నేర్చుకోవచ్చుగా? ఇక్కడ మాత్రం నేను గ్రూపు క్లాసు పక్షమే. ఒక్కొక్కరం వంతులవారీగా మ్యూట్ తీసి వాయిస్తాం. ఈ రిఫ్‌లో రెండు తీగలు ఒకేసారి మోగాలి. పిక్‌తో కిందికి గీస్తే ఒక తీగ వెంట్రుకవాసి ముందు పలుకుతుంది. రిచీ బ్లాక్‌మోర్ అందుకే పిక్ వదిలేసి వేళ్ళతో మీటుతాడు. ఈ సంగతి మాస్టారు మూడుసార్లు చెప్పినా నాకు ఎక్కలేదు. పక్కవాడు పిక్‌తో వాయిస్తుంటే విన్నాక ఎక్కింది. ఇంకో రోజు, మా కీబోర్డు అమ్మాయి (విజయవాడ, చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది) "ఇదంతా శుద్ధ ధన్యాసి స్వరాలే కదా, మధ్యలో ఒక్క ప్రతి మధ్యమం తొంగి చూసి పోతోంది" అని స్వరాలు పాడి వినిపించింది. రాగమని కాదు, స్వరాలు మాత్రం అవే. మాస్టారు నోరు తెరిచారు. నాకైతే ఆ రిఫ్ ఇక జన్మలో మర్చిపోయేది కాదు.

గొడవ టర్ము చివర వచ్చింది. ఎవరింట్లో వాళ్ళు క్లిక్ పెట్టుకుని రికార్డు చేసి పంపితే, అన్నీ అతికి అయిదు గడుల వీడియో చేస్తానన్నారు మాస్టారు. 2020 లాక్‌డౌన్‌లో కుప్పలు తెప్పలుగా వచ్చాయే, ఆ బాపతు. నేను వద్దన్నాను. ఎందుకంటే ఈ పాట పుట్టిన తీరే వేరు. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంట్రూలో వీళ్ళు రికార్డింగు చేసుకోవాల్సిన కసీనో, ఒక కచేరీ జరుగుతుండగానే తగలబడిపోయింది. తర్వాత పెవిలియన్ అనే థియేటర్లో చేరారు. బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ళ మొబైల్ స్టూడియో లారీ. రాత్రిపూట ఆ మోతకి ఊరు లేచి పోలీసుల్ని పిలిచింది. పోలీసులు లోపలికి రాకుండా మనుషులు తలుపులు అదిమి పట్టుకుంటే, లోపల ఈ పాట ట్రాకు పూర్తిచేశారు. రికార్డు వినండి, ముందు గిటారు ఒక్కటే. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి చేరతారు, బేస్ అందరికన్నా చివర. ముందున్నవాళ్ళని విని అందులోకి దూకడమే ఆ పాటలో మజా. ఎవరూ ఎవర్నీ వినకుండా చేసిన వీడియోలో అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇదే చెప్పాను. హైదరాబాదులో మేం ముగ్గురం ఉన్నాం, గది అద్దెకి తీసుకుని నిజంగా వాయిద్దాం అన్నాను. అమ్మాయి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తానంది. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీకేం బాబూ, ఒకే ఊళ్ళో ముగ్గురున్నారు. నాకు ఈ క్లాసు తప్ప ఇంకో బ్యాండు లేదు" అన్నాడు. మా అందరిలోకీ బాగా వాయించేది ఆయనే.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. ఆయన బేస్ ఒక్కటీ, క్లిక్ లేకుండా, కాలితో తాళం వేసుకుంటూ రికార్డు చేసి పంపాడు. మేం దాన్ని గదిలో స్పీకరులో పెట్టి దానితో వాయించాం. మొదట్లో ఆయన కాలి చప్పుడుని పట్టుకుని నేను గిటారు మొదలుపెట్టాలి. రెండో చరణం దగ్గర అన్న కొంచెం తొందరపడతాడు. మా డ్రమ్మరు మొదటిసారి తడబడ్డాడు, మూడోసారికి ఆ తొందర ఎక్కడొస్తుందో తెలిసిపోయి ఆయనతో పాటే పరిగెత్తాడు. గదిలో నలుగురం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వాం. అన్నిటికన్నా పెద్ద శబ్దం ఆ రోజు అక్కడ లేని మనిషిదే. కానీ మేం ఆయన్ని వింటున్నాం, ఆయన మమ్మల్ని వినడం లేదు.

ఆ రాత్రి రికార్డింగు పంపించాను. న్యూజెర్సీలో అప్పుడు పొద్దున్న. గంటకి జవాబొచ్చింది, "రెండో చరణంలో పరిగెత్తించానా? సారీ. వచ్చేసారి డ్రమ్స్ మీరు ముందు పంపండి, ఈసారి మీ వెనక నేను పరిగెడతా."

మా డ్రమ్మరు ఇప్పటికి పదకొండు టేకులు కొట్టాడు, ఒక్కటీ నచ్చలేదట. క్లిక్ పెట్టుకోరా అంటే వినడం లేదు.