కోనేరు నిండుగానే ఉంది, కాలువే ఇరుకు

మహానంది కోనేట్లో నీళ్లు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. కింది అరటి తోటకు ఎన్ని చేరతాయన్నది కాలువను బట్టి. ఇంట్లో హార్డ్ డిస్కుల మీద వీడియోలు దాచి, నెట్‌వర్క్ ద్వారా టీవీకి అందించే నాస్ పెట్టెదీ అదే కథ.

గుళ్లో జరిగిన పెళ్లి వీడియో టీవీలో ఆగి ఆగి వస్తుంటే అందరూ ముందు హార్డ్ డిస్కునే తిడతారు. పాపం, మామూలు డిస్కు కూడా సెకనుకు 100 మెగాబైట్ల దాకా ఇస్తుంది. చాలా టీవీల లాన్ పోర్టు వేగమే 100 మెగాబిట్లు, అంటే 12.5 మెగాబైట్లు! భారీ 4కే ఫైలు ఇరుక్కునేది అక్కడే. 5 గిగాహెర్ట్జ్ వైఫై అంతకన్నా నయం, మధ్యలో నంద్యాల వైపు పాతిళ్ల రాతిగోడ అడ్డం లేకపోతే.

బొమ్మ వచ్చి మాట రాకపోతే గొడవ వేరు. 2018 మోడళ్ల నుంచి సామ్‌సంగ్ టీవీలు డీటీఎస్ అనే ఆడియో ఫార్మాట్‌ను వదిలేశాయి. ఫైల్లోని ఆ ఆడియోను ఏసీ3 ఫార్మాట్‌లోకి మార్చుకుంటే మంత్రాలూ మేళాలూ మళ్లీ వినిపిస్తాయి.