నలభై పేర్ల పుస్తకం

ఆ రోజుల్లో నా సంచీలో ఎప్పుడూ ఒక రూళ్ళ పుస్తకం ఉండేది. పిల్ల పేరు, వయసు, తల్లి పేరు, ఇంటి గుర్తు. తెనాలి కాలవగట్టు గుడిసెలకు డోరు నంబర్లు లేవు గనక ‘బోరింగు పక్క’, ‘వేపచెట్టు కింద’ అని రాసుకునేదాన్ని. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. మూడు దశాబ్దాలు గడిచినా ఆ గట్టుకి అంగన్‌వాడీ రాలేదు.

2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మాకు ఆయుధమైంది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం నలభై మంది ఉండి, అంగన్‌వాడీ కేంద్రం లేని వాడ ఏదైనా సరే, అడిగిన మూడు నెలల్లో పెట్టాలి. మాది చిన్న బృందం. ఇద్దరు టీచర్లు, రిటైరైన పోస్టుమాస్టరుగారు, డిగ్రీ అయిపోయి ఆవేశం తప్ప ఇంకేమీ లేని నేను. రేపల్లె ప్యాసింజరులో కూర్చుని అర్జీలు రాసేవాళ్ళం. వేమూరు దాటేసరికి వేళ్ళకి కార్బన్ మసి, కిటికీలోంచి మినపచేల వాసన. అర్జీలో ఏం రాశానో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు గుర్తు లేదు.

బాపట్ల దగ్గర యానాదుల కాలనీలో లెక్కేస్తే నలభైకి ఏడుగురు తక్కువ పడ్డారు. రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళిన అమ్మానాన్నల వెంట పోయారట. గడ్డం మీద పచ్చబొట్టున్న ఒక ముసలమ్మ నా పుస్తకం వంక చూసి, “పిల్లలు కూడున్న చోటికి పోతారమ్మా. ఇక్కడ కూడు పెట్టించు, ఇక్కడే ఉంటారు” అంది. ఆవిడ పేరు మరిచిపోయాను, ఆ పచ్చబొట్టు మాత్రం గుర్తుంది.

పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి వసారాలో బదిలీ కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, పింఛను అర్జీలు. మా వంతు వచ్చేసరికి కాఫీలు అయిపోయేవి. “ఏమ్మా, బిల్డింగు కావాలా? ఎస్టిమేటు వేయించుకు రా, ఇప్పిస్తా” అనేవారు ఒకాయన. మాకు కావలసింది గది అద్దె, ఆయా జీతం, పప్పూ నూనే గుడ్డూ. “అది నా చేతిలో లేదమ్మా, బడ్జెట్‌లో ఉండాలి.” ఆయన చెప్పింది నిజమే. ఆయన ఇప్పిస్తానన్న బిల్డింగు ఎంపీ నిధి నుంచి రావాలి. అప్పట్లో అది ఏడాదికి రెండు కోట్లు ఉండేది. 2011లో అయిదు కోట్లయింది. నిబంధనల ప్రకారం అది శాశ్వత ఆస్తులకే. దాంతో గోడ కట్టొచ్చు, గుడ్డు కొనకూడదు. గోడకైతే శిలాఫలకం ఉంటుంది, దాని మీద పేరుంటుంది. గుడ్డు మీద ఎవరి పేరూ రాయలేం కదా.

నేను గొంతు పెంచినప్పుడల్లా పోస్టుమాస్టరుగారు చెయ్యి పట్టుకునేవారు. “కోప్పడితే పద్దు పుట్టదమ్మా. సభ ఎప్పుడు కూర్చుంటుందో కనుక్కో” అనేవారు. అలా బడ్జెట్ సమావేశాల ముందు నారాయణాద్రి ఎక్కి హైదరాబాదు వెళ్ళాం, ఆదర్శనగర్ ఎమ్మెల్యే క్వార్టర్సుకి. అక్కడ ఒక శాసనసభ్యుడు నా పుస్తకం తీసుకుని పేర్లు ఒక్కొక్కటే పైకి చదవడం మొదలెట్టారు. చివర్లో ఆగారు.

“పాప, ఇరవై రోజులు. దీనికి పేరేదమ్మా?”

“ఇంకా పెట్టలేదండీ.”

“పేరు పెట్టకముందే అర్జీ పెట్టారన్నమాట!” అని నవ్వి, లెటర్‌హెడ్ మీద సంతకం చేశారు. సభలో ప్రశ్న వేస్తానన్నారు. వేశారో లేదో మాకు తెలియలేదు. ఆ ఉత్తరం మాత్రం ఆఫీసుల్లో మా ఫైలును కదిలించింది.

చివరికి ఆ యానాదుల కాలనీకి కేంద్రం వచ్చింది, రేకుల షెడ్డులో. తూకానికి సంచీలో వేలాడదీసిన పిల్లాడు కాలనీ అంతా వినబడేలా ఏడ్చాడు. తర్వాత అద్దె నెలల తరబడి రాకపోతే టీచరమ్మ తన చేతి డబ్బు కట్టుకుంది. మా పోరాటం సగమే గెలిచిందని అప్పుడు తెలిసింది.

2022లో జిల్లాలు మారాయి. రేపల్లె బాపట్ల జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఇప్పుడు అదే రైలు దారిలో ఇద్దరు కలెక్టర్లకు అర్జీలు పెట్టుకోవాలి. సలహా కోసం వచ్చే కుర్రాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఎమ్మెల్యే ఇంటికి పిల్లల సంఖ్యతో కాదు, పేర్లతో వెళ్ళండి. భవనం ఇస్తానంటే వద్దనకండి. అద్దె, ఆయా జీతం, గుడ్డు ఏ పద్దు కింద వస్తాయో కాగితం మీద రాయించుకోకుండా మాత్రం ఆ వసారా దిగకండి.