అమ్మ చెయ్యి పడ్డ బ్రెడ్డు

మా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో బ్రెడ్డు తినాలంటే జ్వరం రావాలి. ఒళ్లు కాలితే నాయన బజారుకు వెళ్లి బ్రెడ్డు తెచ్చేవాడు. అమ్మ పాలల్లో ముంచి నోటికి అందించేది. జ్వరం తగ్గిన మర్నాటి నుంచి మళ్లీ జొన్నరొట్టె, చెనక్కాయల పొడి. అందుకే మా ఇంట్లో బ్రెడ్డంటే రోగి తిండి.

అలాంటి ఇంటికి అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి బ్రెడ్ మెషిన్ మోసుకొచ్చాడు. "అమ్మా, కొలతగా పోసి మీట నొక్కడమే. మూడు గంటల్లో బ్రెడ్డు తయారు" అన్నాడు. వాడి మనసులో ఉన్నది నేను కాదు, వాళ్లమ్మమ్మ.

ఆ ఏడాదే అమ్మ స్నానాలగదిలో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ రొట్టె తట్టే బలం తిరిగి రాలేదు. ఒంటరిగా ఉండలేక ఎమ్మిగనూరు ఇంటికి తాళం వేసి, ఆదోనిలో మా దగ్గరికి వచ్చేసింది. అరవై ఏళ్లు రొట్టెలు తట్టిన మనిషి. నేను చేసినవి సగం తిని, "కడుపు నిండిందిలే" అని పళ్లెం జరిపేది. వంటింటి గడప తొక్కడమే మానేసింది. అడిగితే, "నాకేం పని ఉండాది ఆడ?" అనేది. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

మెషిన్ వచ్చిందన్న సంబరం మొదటిరోజే ఆగింది. అమెరికా యంత్రం కదా, దానికి కావాల్సింది 120 వోల్టులు. మన ఇంట్లో వచ్చేది 230. నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుందని ఎలక్ట్రీషియన్ ఆపాడు. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించుకున్నాకే పని మొదలైంది. కొనేవాళ్లు ముందు మెషిన్ అడుగున రాసిన వోల్టులు చూసుకోండి.

గిన్నెలో ముందు నీళ్లు, ఉప్పు, పంచదార, నూనె. వాటిపైన మైదా. పిండి మధ్యలో చిన్న గుంట చేసి అందులో ఈస్ట్. మొదలుపెట్టేదాకా ఈస్ట్‌కు నీళ్లు, ఉప్పు తగలకూడదు. అడుగున ఉన్న చిన్న తెడ్డు తిరుగుతూ పిండి కలుపుతుంది, పొంగనిస్తుంది, మళ్లీ కలుపుతుంది, ఆఖరున ఆ గిన్నెలోనే కాలుస్తుంది.

మొదటిసారి, పిండి పొంగుతుండగా కరెంటు పోయింది. వచ్చేసరికి మెషిన్ అన్నీ మరిచిపోయి మళ్లీ మొదటినుంచి అందుకుంది. రెండోసారి మండు వేసవి. మా ఆదోని ఎండ తెలిసిందే, నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఈస్ట్ రెచ్చిపోయి, పిండి మూతకు తగిలేదాకా పొంగి, కాలేలోపే గుంటపడింది. మూడోసారి మైదా బదులు అదే కొలతకు గోధుమపిండి వేశాను. ఇటుక వచ్చింది. మా ఆయన దాన్ని తలుపుకు అడ్డం పెట్టి చూపించాడు.

నాలుగోసారి మెషిన్ మొదలుపెట్టి, హాల్లో కూచున్నాను. టకటకమని చప్పుడు. పక్క గదిలోంచి అమ్మ లేచి వచ్చింది. "ఏందే ఇది, మగ్గం చప్పుడు మాదిరి ఉండాది?" అంది. మాది నేతపని ఇల్లు. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు మాది. నాయన మగ్గం మీద ఉంటే అమ్మ కండెలు చుట్టేది. ఆ చప్పుడే ఆమెను వంటింట్లోకి లాక్కొచ్చింది.

మూత ఎత్తి చూసింది. తెడ్డు ఆగిన సందులో ఎడమచేతి వేలు పిండి మీద ఆనించింది. "గట్టిగ ఉండాది. నీళ్లు చాల్లేదు. రెండు చెంచాలు పొయ్యి" అంది. పోశాను. ఇంకాసేపటికి మళ్లీ తాకి, "నీ చెవితమ్మె పట్టుకో. పిండి అట్ల ఉండాల. చాలు, మూత పెట్టు" అంది.

ఆరోజు బ్రెడ్డు బ్రెడ్డులా వచ్చింది.

అప్పుడు అర్థమైంది, మెషిన్‌కు గంటలు తెలుసు గానీ పిండి తెలియదని. ఒక్కో పిండి ఒక్కోలా నీళ్లు తాగుతుంది. అందుకే మొదలుపెట్టిన పది నిమిషాలకు మూత ఎత్తి చూడాలి. పొడిపొడిగా ఉంటే చెంచా నీళ్లు, జారుగా ఉంటే చెంచా పిండి. గోధుమపిండికి ఇంకాస్త నీళ్లు. వేసవిలో చల్లటి నీళ్లు వాడి, ఈస్ట్ కొంచెం తగ్గించాలి.

తర్వాత ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. 1985లో జపాన్‌లో మత్సుషితా కంపెనీ, అంటే ఇప్పటి పానసోనిక్, ఇంట్లో వాడే బ్రెడ్ మెషిన్ తయారుచేయబోయింది. పైన మాడేది, లోపల పచ్చిగా ఉండేది. ఎక్స్‌రేలు తీసి పోల్చినా కారణం అంతుపట్టలేదట. అప్పుడు ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒసాకాలో మంచి బ్రెడ్డుకు పేరున్న ఓ హోటల్ వంటమాస్టర్ దగ్గర పని నేర్చుకుంది. పిండిని సాగదీసేటప్పుడు అతని చేతిలో ఒక తిప్పు ఉందని కనిపెట్టింది. ఆ తిప్పు యంత్రంలోకి వచ్చాకే బ్రెడ్డు కుదిరిందట. ఆ యంత్రం కూడా ఎవరో ఒకరి చేతి దగ్గర నేర్చుకున్నదే!

జొన్నపిండితో చేద్దామా అని అడిగింది అమ్మే. గోధుమలో ఉండే గ్లూటెన్ జిగురు జొన్నలో ఉండదు, ఉత్త జొన్నతో పొంగదు అన్నాను. "రొట్టెకు ఏం చేస్తాము? కాగిన నీళ్లు పోస్తాము కదా. అప్పుడేగా విరక్కుండా వచ్చేది" అంది. ముప్పావు కప్పు జొన్నపిండిలో, కొలిచిన నీళ్లలోంచే కొన్ని కాచి పోసి కలిపించింది. ఆ వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది కాబట్టి బాగా చల్లారనిచ్చి, రెండుంబావు కప్పుల మైదాతో మెషిన్‌లో వేశాం. అంత ఎత్తు పొంగలేదు గానీ, కోస్తే ఇల్లంతా జొన్నవాసన. అమ్మ ఒక ముక్కకు చెనక్కాయల పొడి అద్దుకుంది. ఇంకో ముక్క అడిగింది.

రొట్టె మాత్రం కాదంటుంది ఇప్పటికీ. నిజమే, కాదు. కానీ మెషిన్ చప్పుడు మొదలైతే చాలు, ఎవరూ పిలవకుండానే వస్తుంది. ఎడమచేత్తో మూత ఎత్తి, వేలు ఆనించి, కాసేపు ఆలోచిస్తుంది. అందాకా నేను పక్కన చెంచాతో నీళ్లు పట్టుకుని నిలబడతాను.