సన్నిధి

పదాలన్నీ చెవిన పడినంత మాత్రాన వాక్యార్థం బోధపడదు. అందుకు మూడు నియమాలు తోడు కావాలని మన శాస్త్రకారులు చెప్పారు. అవి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆ పదాల అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత. పదాలను జాగు లేకుండా ఒకదాని వెంట ఒకటి ఉచ్చరించడం సన్నిధి. 17వ శతాబ్దానికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో ఈ మూడింటినీ క్లుప్తంగా వివరించాడు. ‘తలుపు’ అని ఉదయం పలికి, ‘తెరువు’ అని సాయంత్రం పలికితే వినేవాడు తలుపు తెరవడు. పదాలలో దోషం లేదు, వ్యాకరణంలోనూ దోషం లేదు. రెంటి నడుమ ఎడం పెరిగింది, అంతే.

పాతికేళ్ళకు పైగా తరగతిగదిలో ఈ విషయం చెబుతూ వచ్చాను. మొదటి రెండు నియమాలకు ఉదాహరణలు సులభంగా దొరికేవి. సన్నిధికి మాత్రం ఏ ఉదాహరణ చెప్పినా విద్యార్థులు నవ్వేవారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మనుషుల మాటల నడుమ అంత ఎడం ఎందుకు వస్తుందని వారి సందేహం. 2020లో ఆ సందేహం తీరింది. తీర్చింది ఏ గ్రంథమో కాదు, మా ఇంటి గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టె. దాని పేరు రూటర్.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. తొలిరోజుల్లో అది టెలిఫోన్ తీగ మీదుగా నడిచేది. మోడెమ్ అనే పరికరం కీచుమంటూ ధ్వని చేసి అవతలి కేంద్రాన్ని అందుకునేది. ఇంట్లో ఎవరైనా ఇంటర్నెట్ వాడుతుంటే ఆ ఫోనుకు వేరే పిలుపు వచ్చే వీలుండేది కాదు. తీగ అవసరం లేకుండా దగ్గరి యంత్రాలను కలిపే పద్ధతికి 1997లో ప్రమాణాలు ఏర్పడ్డాయి. 1999లో దానికి వైఫై అనే పేరు స్థిరపడింది. అయితే తరంగాలు గోడను దాటగలవన్న సంగతి అంతకు శతాబ్దం ముందే మనవారికి తెలుసు. 1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, అవతల ఉన్న గంటను మోగించి చూపాడు.

రూటర్ అంటే దారి చూపేది. మనం పంపే సమాచారం ఒకే ముద్దగా ప్రయాణించదు. చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి, ఒక్కొక్కటి తన చిరునామాను మోసుకుంటూ వెళుతుంది. ఉత్తరాల సంచిని విప్పి ఏ ఊరి ఉత్తరాన్ని ఆ ఊరి దారి పట్టించే తపాలా ఉద్యోగి వంటిది రూటర్. రాసిన సందేశం పంపినప్పుడు నడుమ ఒక పొట్లం జారిపోతే, అవతలి యంత్రం దాన్ని మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది. అందువల్ల ఉత్తరం ఆలస్యమైనా నిండుగా చేరుతుంది. ఎదుటివారితో మాట్లాడుతున్నప్పుడు అంత వ్యవధి ఉండదు. జారిన పొట్లం కోసం ఆగితే మాట వెనుకబడుతుంది కాబట్టి దాన్ని వదిలేసి ముందుకు సాగుతుంది. అందుకే ఉత్తరం చేరిన దారిలోనే మాట ముక్కలవుతుంది. రాతకు ఆలస్యం తగిలితే ఓర్చుకుంటుంది. మాటకు సన్నిధే ప్రాణం.

2020 మార్చి చివరి వారంలో దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. కళాశాలలు మూతపడ్డాయి. కొద్ది నెలలకు పాఠాలు ఇంటి నుంచే చెప్పవలసి వచ్చింది. కాకినాడలోని మా ముందుగదిలో నేను, ఎదుట ఒక ఫోను, దాని వెనుక ఎక్కడెక్కడి ఊళ్ళలోనో నా విద్యార్థులు. పద్యం చదువుతుండగా నా గొంతు తెగిపోయేది. రెండు మూడు నిమిషాలకు తిరిగి కలిసేది. ఆ లోపల కొందరు వెళ్ళిపోయేవారు. తరగతిలో ఎవరు ఎన్ని నిమిషాలు ఉన్నారో యంత్రమే లెక్క కట్టేది. ఆ లెక్కనే హాజరుగా తీసుకోవాలని కళాశాలలో ఒక ప్రతిపాదన వచ్చింది. ‘నెట్ లేదనడం పిల్లలకు మంచి సాకు అయింది’ అన్న మాట కూడా అధ్యాపకుల నడుమ వినిపించింది.

ఆ మాట అటు నిజమని గాని, ఇటు అబద్ధమని గాని పరీక్షించకుండా చెప్పడం న్యాయం కాదు. రంపచోడవరం ప్రాంతం నుంచి చదువుకుంటున్న ఒక విద్యార్థిని, “సార్, నేను పోలేదండి, మీరే పోయారు. మళ్ళీ వచ్చేసరికి పద్యం అయిపోయింది” అంది ఒక రోజు. ఎవరు పోయారో తేల్చవలసిన బాధ్యత నామీద పడింది.

కారణాన్ని నిర్ణయించడానికి మన తార్కికులు చెప్పిన మార్గం అన్వయ వ్యతిరేకాలు. ఒకటి ఉన్నప్పుడు రెండోది ఉండడం అన్వయం. ఒకటి లేనప్పుడు రెండోది లేకపోవడం వ్యతిరేకం. నేను విద్యార్థులందరినీ ఒక పని చేయమన్నాను. గొంతు తెగిన ప్రతిసారీ గడియారం చూసి ఆ నిమిషాన్ని పుస్తకంలో రాసుకోవాలి. వారం తరువాత ఆ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పిఠాపురం, తుని, రంపచోడవరం, మా కాకినాడ, ఏ ఊరి వారు రాసినా చాలా చోట్ల అవే నిమిషాలు కనిపించాయి. అన్ని ఊళ్ళలో ఒకేసారి సంకేతం పోవడం కుదిరే పని కాదు. కాబట్టి ఆ దోషం మా ఇంటిది. రంపచోడవరం విద్యార్థిని పుస్తకంలో మాత్రం మరెవరి దగ్గరా లేని నిమిషాలు మరికొన్ని ఉన్నాయి. అవి అక్కడి సెల్ టవర్ సంకేతానికి సంబంధించినవి. ఒకే జబ్బుగా తోచింది నిజానికి రెండు జబ్బులు.

ఇక ఇంటి సంగతి. ఇంటర్నెట్ కంపెనీ వారికి ఫోను చేసినప్పుడల్లా “ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి సార్” అనేవారు. ఆ మాటలో కొంత సత్యం లేకపోలేదు. ఎడతెగక పనిచేసే యంత్రం జ్ఞాపకంలో చిక్కులు పేరుకుంటే, ఆపి పెట్టడం వల్ల అవి తుడిచిపెట్టుకుపోతాయి. కాని అది ఉపశమనమే గాని నిదానం కాదు. మా ఇంట్లో ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె ఒకటి, దాని పక్కన రూటర్ ఒకటి ఉన్నాయి. వీధిలోని తీగ తెగినా, ఎక్కడైనా మరీ వంగి కాంతి లోపలికి రాకపోయినా, మొదటి పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది. పొగను చూసి నిప్పును ఊహించినట్లు, దీపాన్ని చూసి దోషాన్ని ఊహించవచ్చు. ఈసారి గొంతు తెగగానే దీపాలను చూడమని మా ఆవిడకు చెప్పాను. “మొదటిదానికి పచ్చదీపమే ఉందండీ. రెండోదానికి అన్నీ ఆరిపోయి, మళ్ళీ ఒక్కొక్కటే వెలుగుతున్నాయి” అంది. అంటే వీధి తీగలో లోపం లేదు. రూటర్ తనంత తానే ఆగి, తిరిగి మొదలవుతోంది.

అలా ఆగడానికి బలమైన అనుమానం దానికి విద్యుత్తు అందించే అడాప్టర్ మీదికి వెళ్ళింది. 12 వోల్టులు ఇవ్వవలసిన అడాప్టర్ పాతబడితే, పని పెరిగినప్పుడు అంత ఇవ్వలేకపోతుంది. పొరుగువారి దగ్గర అదే కొలతలు గల అడాప్టర్ ఒకటి అడిగి తెచ్చి పెట్టాను. రెండు రోజులు ఒక్కసారి కూడా గొంతు తెగలేదు. పాతది మళ్ళీ తగిలించాను. గంట తిరగకముందే దీపాలు ఆరిపోయాయి. అన్వయమూ వ్యతిరేకమూ రెండూ కుదిరాయి. కొత్త అడాప్టర్ కొనడంతో ఆ దోషం తీరింది.

బిగించిన కుర్రాడు రూటర్‌ను ఇనుప బీరువా వెనుక గోడకు తగిలించి వెళ్ళాడు. లోహం తరంగాలను అడ్డుకుంటుంది. దాన్ని ఇంటి నడుమ, తల ఎత్తులో పెట్టించాను. వైఫైలో సాధారణంగా రెండు శ్రేణులు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణి గోడలను మెరుగ్గా దాటుతుంది, కాని పొరుగిళ్ళ రూటర్లతో, పక్కనే మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే దానితో పోటీ పడాలి. 5 గిగాహెర్ట్జ్ శ్రేణి వేగవంతమైనది, కాని గోడలు అడ్డొస్తే త్వరగా బలహీనపడుతుంది. రూటర్ ఉన్న గదిలోనే కూర్చుని పాఠం చెప్పేటప్పుడు రెండోదాన్ని ఎంచుకున్నాను. కరెంటు పోయినా పాఠం ఆగకుండా రెండు పెట్టెలకూ కలిపి ఒక చిన్న బ్యాటరీ అమర్చాను.

మా ఇంటి దోషం తీరిన తరువాత కూడా ఆ విద్యార్థిని వైపు దోషం అలాగే నిలిచి ఉంది. సెల్ టవర్‌ను నేను మార్చలేను. అయితే మాటను రాతలా ప్రయాణింపజేయవచ్చు. పాఠాన్ని పది నిమిషాల చొప్పున శబ్దరూపంలో మాత్రమే రికార్డు చేసి పంపసాగాను. బొమ్మ లేని మాటకు చాలా తక్కువ డేటా సరిపోతుంది. జారిన పొట్లాలు మళ్ళీ వెళ్ళి చేరడానికి వ్యవధి కూడా ఉంటుంది. సంకేతం దొరికిన వేళ ఆమె వాటిని దించుకుని వినేది. సందేహాలు రాసి పంపేది. ఆమె జవాబులు చదివిన వారెవరూ ఆమె తరగతిలో లేదని అనలేరు.

విద్యార్థులు రాసిన నిమిషాల పట్టికను జతచేసి ప్రిన్సిపాల్ గారికి ఒక లేఖ రాశాను. యంత్రం కట్టిన లెక్క యంత్రాల కలయికనే చెబుతుంది గాని మనిషి శ్రద్ధను చెప్పదని, హాజరును జవాబుల ఆధారంగా నిర్ణయించాలని కోరాను. ఆయన మా తెలుగు తరగతి వరకు అంగీకరించారు. ఇంటర్నెట్‌ను పొందే హక్కు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే ఒక విద్యార్థిని కేసులో తీర్పు చెప్పింది. హక్కు తీర్పులో ఉన్నా, దాన్ని ప్రతి ఇంటికీ చేర్చే దారిలో తీగలు, టవర్లు, అడాప్టర్లు, వాటిని కొనగల స్తోమత అన్నీ ఉన్నాయి. మా తరగతిలోని ఒక విద్యార్థికి అసలు ఫోనే లేదు. అతని పేరు యంత్రం లెక్కలో ఒక్క నిమిషం కూడా కనిపించలేదు. ఏ రూటర్ మరమ్మతూ అతని దగ్గరికి చేరదు. అచ్చు వేయించిన పాఠాలను అతని ఊరి మీదుగా వెళ్ళే ఒక సహోద్యోగి చేత పంపుతూ వచ్చాను.

ఈనాడు మీలో చాలామందికి ఈ పరికరాలు నాకంటే బాగా తెలుసు. అవి మొరాయించినప్పుడు విసుక్కోకుండా ఒక్కొక్క లంకెనూ వరుసగా పరీక్షించండి. దీపాలను గమనించండి, సమయాన్ని రాసుకోండి, ఒకసారి ఒక్కదాన్నే మార్చి చూడండి. అవతలి మనిషి గొంతు వినిపించనప్పుడు అతడు మౌనంగా ఉన్నాడని తీర్మానించకండి. అతడు మాట్లాడుతూనే ఉండవచ్చు.